చేట దగ్గరే ఎందుకమ్మా బేరం?

మన మధ్యతరగతి యిళ్ళల్లో షోకేసు అని ఒకటి వుంటుంది. ముందుగదిలో టీవీ చుట్టూ గోడంతా ఆక్రమించుకుని, అద్దాల తలుపులు బిగించుకుని కూచుంటుంది. అందులో వున్న వస్తువులతో యింట్లో ఎవరికీ ఏ పనీ వుండదు. ఏడాదికోసారి, సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు అన్నిటినీ దించి, తుడిచి, మళ్ళీ ఎక్కిస్తాం. ఆగ్రాలో కొన్న పాలరాయి తాజ్‌మహలు, పెద్దాడికి పరుగుపందెంలో వచ్చిన కప్పు, అమెరికా నుంచి ఆడపడుచు తెచ్చిన గాజుబొమ్మ. వీటి సరసన ఈమధ్య చాలా యిళ్ళల్లో ఒక కొత్త వస్తువు చేరింది. అరచెయ్యంత వెదురు చేట. దానిమీద తెల్లరంగుతో, నడుముల చుట్టూ చేతులు వేసుకుని వరసగా ఆడుతున్న నలుగురు ఆడవాళ్ళు. "అరకు వెళ్ళినప్పుడు తెచ్చామండీ, ట్రైబల్ ఆర్ట్!" అంటుంది యిల్లాలు, మొహం చేటంత చేసుకుని.

ఆ బుల్లి చేటతో నాకేం పేచీ లేదు. ముచ్చటగానే వుంది. నా పేచీ అల్లా అసలు చేటతో మనం చేసే పేచీ గురించి. చేతిపని అంటే మనకి ఎక్కడలేని గౌరవం, అది ఎందుకూ పనికిరానంతవరకూ. అదే వస్తువు బియ్యం చెరగడానికి పనికొచ్చిందనుకోండి, వెంటనే కళ కాస్తా సరుకైపోతుంది. సరుకు కనక బేరం మొదలవుతుంది.

ఇది నేను ఊహించి రాయడం లేదు. ఆమధ్య చలికాలంలో మేం నలుగురం ఆడవాళ్ళం విశాఖపట్నంలో పొద్దున్నే అరకు రైలెక్కాం. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో వేసిన లైను అది. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా తగిలించారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టడం, సొరంగం దాటగానే పెద్దలు ఫోన్లు పైకెత్తడం. కొండలు ఎక్కాక బొర్రా గుహలు, పద్మాపురం తోట, మ్యూజియం, బొంగులో చికెన్, కాఫీ. ఇవన్నీ అందరూ చూసేవే, తినేవే, తాగేవే. మాకు మాత్రం అదృష్టం కొద్దీ దారిలో ఒక వారపు సంత తగిలింది.

సంతంటే సంతే. చింతపండు, పసుపుకొమ్ములు, పిప్పళ్ళు, ఎండుచేపలు, గాజులు, ప్లాస్టిక్ బిందెలు. ఒక పక్కగా నేలమీద చేటలు, జల్లెళ్ళు, గంపలు, కొండచీపుళ్ళు పరుచుకుని కొందరు ఆడవాళ్ళు కూచున్నారు. అందులో ఒకావిడకి అరవై దాటే వుంటాయి. ఆవిడ ముందు ఆరో ఏడో చేటలు. మాలాగే పట్నం నుంచి వచ్చిన ఒక యిల్లాలు వంగి, ఒక చేట తీసి, తిప్పి, తట్టి, "ఏమే, ఎంత?" అంది.

"నూటయాభయ్యమ్మా."

"నూటయాభయ్యా! మా వీధిలో ప్లాస్టిక్‌ది అరవైకొస్తుంది. ఎనభైకిస్తావా?"

"అంతకి రాదమ్మా. మూడు కొండలు దిగొచ్చాను."

కొండలు దిగినందుకు డబ్బులిస్తారా ఎవరైనా? బేరం పావుగంట సాగింది. ఆ యిల్లాలు రెండుసార్లు వెళ్ళిపోయినట్టు నటించి, రెండుసార్లు వెనక్కి వచ్చింది. చివరికి వందకి తెగింది. చేట చంకన పెట్టుకుని తనవాళ్ళ వైపు తిరిగి, "చూశారా, యాభై తగ్గించాను!" అని విజయగర్వంతో నవ్వింది.

ఆ సాయంత్రమే, బజారులో లైట్లూ ఏసీ వున్న ఒక దుకాణంలో, ఆవిడే మళ్ళీ కనబడింది. చెప్పానే, ఆ అరచెయ్యంత బొమ్మల చేట, దానికి వెనకాల చీటీ అంటించి వుంది. 450 రూపాయలు. ఆవిడ చీటీ చూసింది. కార్డు తీసి యిచ్చింది. కౌంటర్లో కుర్రాడు "బ్యాగు కావాలా మేడమ్?" అంటే "అక్కర్లేదండీ, థాంక్యూ" అంది. చేటల ముసలావిడకి "ఏమే", పాతికేళ్ళ కుర్రాడికి "అండీ". ఇది ఆవిడ ఒక్కత్తి తప్పు అనను. ఆవిడ మంచి మనిషే అయివుంటుంది. మనందరికీ ఎవరు నేర్పారోగాని చీటీ అంటించి వున్నది ధర అనీ, మనిషి నోటితో చెప్పేది అబద్ధమనీ ఒక నమ్మకం వుంది. చీటీ కూడా మనిషి అంటించిందే కదా అని ఎవరికీ తోచదు.

ఇప్పుడు ఆ చేటలో ఏముందో కాస్త విప్పి చూద్దాం. ముదురూ లేతా కాని వెదురుబొంగు చూసి కొట్టాలి. కొట్టినదాన్ని కొండ దింపి యింటికి మొయ్యాలి. కణుపులు చెక్కి, నిలువునా చీల్చి, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చి, కాగితమంత పల్చగా బద్దలు తియ్యాలి. బద్ద అంచు కత్తితో సమానం, వేళ్ళు తెగుతాయి. ఆ తరవాత అల్లిక. ఒక బద్ద మీంచి, ఒక బద్ద కిందనించి, లెక్క తప్పకుండా, ముందు వెడల్పుగా, వెనక ఎత్తుగా వంపు తిరిగేలా అల్లి, అంచుకి గట్టి బద్ద వేసి నారతో బిగించాలి. ఆ వంపులో వుంది చేట రహస్యమంతా. వంపు సరిగ్గా కుదరకపోతే బియ్యం ముందుకి దూకుతాయి, ఊక వెనక్కి పోతుంది. భౌతికశాస్త్రం చదవని చేతులు ఆ లెక్క ఎలా పట్టుకున్నాయో చెప్పండి. ఇంత పనికి, ఇంత తెలివికి, మోతకి, నడకకి కలిపి ఆవిడ అడిగింది నూటయాభై. అందులో మనం కొట్టేసిన యాభై మనకి అరకప్పు కాఫీ. ఆవిడకి అదే సంతలో కొనుక్కోవలసిన ఉప్పూ, నూనే, ఎండుచేపలూ.

వెదురు అడవిలో ఊరికే దొరుకుతుంది కదా అనేవాళ్ళున్నారు. ఊరికే ఎక్కడ దొరికిందండీ? వెదురు గడ్డిజాతి అని చిన్నపిల్లల పాఠాల్లో వుంది. అయినా మన దేశపు అటవీ చట్టం 1927లో దాన్ని చెట్టు అని రాసింది. చెట్టు కనక కొడితే నేరం. తాతల నాటినుంచి వెదురు మధ్యనే బతుకుతున్నవాళ్ళు ఒక గంపకి సరిపడా బొంగు కొట్టుకోడానికి దొంగల్లా వెళ్ళవలసివచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాకగాని వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి అనీ, సంప్రదాయంగా ఏరుకునేవాళ్ళకి దానిమీద హక్కు వుందనీ కాగితం మీదికి ఎక్కలేదు. అడవి బయట పెంచుకున్న వెదురు చెట్టు కాదని 2017లో పాత చట్టాన్ని సవరించారు. గడ్డిని గడ్డి అనడానికి మనకి తొంభై ఏళ్ళు పట్టింది! ఆ వెదురుతో అల్లిన చేటకి మనం "ఊరికే దొరికింది" అని వెల కడుతున్నాం.

పోనీ చేట మనకి పరాయి వస్తువా? పురిటి బిడ్డని చేటలో పడుకోబెట్టిన జాతి మనది. పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూచోబెట్టి మండపానికి తెస్తాడు. నోములకి మూసివాయినం ఇవ్వాలంటే చేటమీద చేట బోర్లించాలి. ఆఖరికి కాటికి పోయేటప్పుడు కట్టేది కూడా వెదురు పాడే. పుట్టుకనుంచి పాడె దాకా వెదురు మోసినవాళ్ళం, ఆ వెదురు అల్లిన చేతి దగ్గర యాభై రూపాయలకి పావుగంట పేచీ పెట్టుకోవడం ఏం మర్యాద? కొండమీది గిరిజనుల దగ్గరే కాదు, మన వూళ్ళో మేదరి దగ్గరా ఇదే తంతు. పెళ్ళి వీడియోలో ఆ గంప కనబడాలి. ఫోటోలవాడు అడిగింది ఇస్తాం. పట్టుచీరకి అడిగింది ఇస్తాం. గంప దగ్గర మాత్రం గీసిగీసి బేరం!

బేరం తప్పని నేననను. చాలీచాలని జీతాలతో సంసారాలు లాక్కొచ్చిన ఆడవాళ్ళం. బేరం మన విద్య. కాని ఆ విద్య ఎక్కడ చూపించాలో తెలియొద్దూ? నగల కొట్లో తరుగు అని వేస్తారు, మజూరీ అని వేస్తారు. అక్కడ ఎంతమందిమి నోరు విప్పుతాం? శీతలపానీయం తెచ్చిస్తే తాగేసి, చెక్కు రాసిచ్చి వస్తాం. లాభం దండిగా వున్నచోట మౌనం, కూలికూడా గిట్టనిచోట గయ్యాళితనం. ఇదెక్కడి పొదుపమ్మా? పొదుపు అనేది బలవంతుడి దగ్గర చెయ్యాలి. బలహీనుడి దగ్గర చేసేదానికి వేరే పేరుంది.

"మేమిచ్చే డబ్బు వాళ్ళకి చేరుతుందా ఏమిటి, మధ్యలో దళారులు మింగేస్తారు" అంటుంది మా పక్కింటి వదినగారు. చాలాచోట్ల నిజమే. ఆ దళారీ బెడద తగ్గించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. తేనె, చింతపండు, కుంకుడుకాయలు, కొండచీపుళ్ళు వాళ్ళ దగ్గర కొని మనకి అమ్ముతుంది. అయితే సంతలో చేటల ముందు కూచున్న మనిషికీ మనకీ మధ్య దళారీ ఎవడున్నాడు? డబ్బు మన చేతిలోంచి నేరుగా ఆవిడ చేతిలోకి వెళ్ళే ఒకే ఒక్కచోట మనం చెయ్యి ముడుస్తాం. ఇంటికొచ్చి దళారుల్ని తిడతాం.

"వెదురు పురుగు పడుతుంది, నిలవదు" అనేది మరో మాట. మన అమ్మమ్మలు కొత్త చేట తేగానే ఏం చేసేవారు? మెంతులు నానబెట్టి, పాత కాగితాలు నానబెట్టి, రెండూ కలిపి రుబ్బి చేటకి పూత పూసేవారు. ఎండలో పెడితే గట్టిపడి, సందులు మూసుకుని, ఏళ్ళ తరబడి వచ్చేది. మనం మెంతులు నానబెట్టడం మానేసి వెదురుని నిందిస్తున్నాం. పైగా ప్లాస్టిక్ చేటని బియ్యం చెరగడానికి పట్టుకోండి, ఆ వంపు లేదు, ఆ గరుకు లేదు. బియ్యం జారి నేలమీద, రాళ్ళు చేటలోనూ.

"అయితే వాళ్ళు ఎల్లకాలం బుట్టలల్లుకుంటూ కొండలమీదే వుండాలా, చదువుకుని పైకి రావద్దా?" అని ఒక చదువుకున్న అమ్మాయి నన్ను నిలదీసింది. మంచి ప్రశ్న. పిల్లలు చదువుకోవాలి, తప్పకుండా పైకి రావాలి. కాని ఆ చదువుకి డబ్బెక్కణ్ణించి వస్తుంది? తల్లి అల్లిన గంప గిట్టితే కదా కూతురు బడిలో నిలబడేది! అల్లిక విద్యని ఒక పిల్ల ఇష్టపడి వదిలేస్తే అది ఆ పిల్ల ఇష్టం. కడుపు నిండక వదిలేస్తే ఆ పాపంలో మనకి వాటా వుంది.

వదిలేస్తే ఏమవుతుందో కూడా ఈ కొండల్లోనే ఒక వుదాహరణ వుంది. విశాఖ మన్యంలోనూ, పక్కనే ఒడిశా కోరాపుట్‌లోనూ గదబలు అనే తెగ వుంది. వాళ్ళ ఆడవాళ్ళు కెరంగు అనే మొక్క బెరడు నుంచి నార తీసి, వడికి, రంగులద్ది, యింటిదగ్గరే చిన్న మగ్గం మీద తమ బట్ట తామే నేసుకునేవారు. ఎరుపూ, నీలమూ, తెలుపూ చారలు. చెవులకి ఇత్తడి తీగ చుట్లు చుట్టిన పెద్ద పెద్ద పోగులు. దక్షిణ భారత కులాల గురించీ తెగల గురించీ 1909లో ఏడు సంపుటాలు అచ్చువేసిన థర్‌స్టన్ దొర ఈ బట్టనీ పోగుల్నీ వర్ణించాడు. ఆ నేత రాని పిల్లకి పెళ్ళి కుదరదని కూడా తరవాత చూసినవాళ్ళు రాశారు. అంటే మన తరంలో వంటా, పాటా అడిగినట్టు వాళ్ళు నేత అడిగేవారన్నమాట. మిల్లుబట్ట సంతకొచ్చింది. నార ఒలిచే బాధ లేకుండా, గరుకు లేకుండా చీర దొరికింది. కట్టుకున్నారు. ఎందుకు కట్టుకున్నారని ఎవరం అడగగలం? మనం మాత్రం నేతచీరలు వదిలి నైలాన్లు కట్టలేదూ? అయితే ఆ బట్ట ఇప్పుడు రోజువారీ కట్టులో కనబడదు. వాళ్ళు దాన్ని నేసినంతకాలం పట్నంలో ఏ ఒక్క యిల్లాలూ "ఒక గజం నాకూ నేసిపెట్టు, ఇదిగో డబ్బు" అనలేదు. ఇప్పుడు మ్యూజియం అద్దం వెనక పెడితే "అబ్బ, ఎంత బావుందో!" అంటాం. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నారు. చెట్టు ఎండిపోయాక మాత్రం దాని ఫోటోకి దండ వేస్తాం.

అరకు నుంచి తూర్పు కనుమల వెంట ఈశాన్యంగా పోతే, పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లో సవరలున్నారు. వాళ్ళ కథ ఇంకో రకం. సవరల యిళ్ళల్లో ఎర్రమట్టి అలికిన గోడమీద వరిపిండితో, వెదురుపుల్ల కొసతో వేసే బొమ్మలుంటాయి. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు. చూసినవాళ్ళు వెంటనే "వార్లీ కదూ?" అంటారు. కాదు, వార్లీ మహారాష్ట్రది. ఇది సవరలది. మధ్య భారత గిరిజన కళ మీద 1951లో పుస్తకం వేసిన వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. ఇవి అలంకారానికి వేసినవి కావు. ఇంట్లో జబ్బు చేస్తే, పంట చేతికొస్తే, పోయిన పెద్దలు కలలో కనబడితే వాళ్ళ కోసం గోడమీద ఒక ఇల్లు గీసి, పూజచేసి, అందులో కొలువుండమని పిలుస్తారు. మన దేవుడి గది ఎలాంటిదో ఆ గోడ అలాంటిది. ఇప్పుడు ఆ బొమ్మలు దిండు గలేబుల మీదా, కాఫీకప్పుల మీదా వస్తున్నాయి. సవర చిత్రకారుడే వేసి, తన పేరు పెట్టుకుని, తన ధర తను చెప్పి అమ్మితే నాకు సంతోషమే. అది అతని విద్య. కాని ఎక్కడో మిషన్ మీద వేల లెక్కన అచ్చు గుద్ది, సవర అన్న మాటైనా లేకుండా అమ్మేదాన్ని కొని, గిరిజన కళని ఉద్ధరించామనుకుంటే మాత్రం అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

సవరల ప్రస్తావన వచ్చింది కనక మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా వుండలేను. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన ఫోటోకి దండలు వేస్తాం. వాడుకభాష కోసం పోరాడారని చెప్పుకుంటాం. ఆయన అంతకు ముందునుంచీ పర్లాకిమిడిలో వుండి సవర భాష నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మన్యం జ్వరం తెచ్చుకుని, దానికి క్వినైను మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. 1931లో సవర భాషమీద పుస్తకం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలన్నారు. గిడుగు అంటే మన ఉత్తరాంధ్రలో ఎండకీ వానకీ పట్టే ఆకుల గొడుగు. ఇంటిపేరుకి తగ్గట్టే ఆయన వాళ్ళకి గొడుగు పట్టారు. కొండ ఎక్కి వాళ్ళ మాట నేర్చుకోడానికి చెవులు పోగొట్టుకున్న ఆయనా తెలుగువాడే. కొండ ఎక్కి ముసలావిణ్ణి "ఏమే" అనేవాళ్ళమూ తెలుగువాళ్ళమే.

థింసా సంగతీ చెప్పాలి. చైత్రమాసంలో ఇటుకల పండక్కీ, పెళ్ళిళ్ళకీ ఊరు ఊరంతా ఆడే ఆట అది. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతుంటే ఆడవాళ్ళు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, పాము మెలికలు తిరిగినట్టు కదులుతారు. ఒకరి అడుగు తప్పితే వరసంతా తెలుస్తుంది. ఇప్పుడు టూరిస్టుల కోసం రాత్రి భోజనాల వేళ ఫ్లడ్‌లైట్ల కింద ఆడుతున్నారు. ఆడనివ్వండి, అది కష్టార్జితమే. మనం చేసే పని ఏమిటంటే, అది సగంలో వుండగా వరసలోకి దూరి, పళ్ళికిలించి ఫోటో తీయించుకుని, "ఏయ్, మళ్ళీ మొదటినుంచి ఆడండి, వీడియో సరిగ్గా రాలేదు" అనడం. త్యాగరాయ గానసభలో కచేరీ జరుగుతుంటే వేదిక ఎక్కి గాయని భుజమ్మీద చెయ్యి వేసి ఫోటో దిగుతామా? ఆవిడ కళాకారిణి, వీళ్ళు కాలక్షేపమూనా?

ఇంత ఏకరువు పెట్టాక, "అయితే ఏదీ నిలబడలేదా?" అంటారేమో. నిలబడినవి వున్నాయి. ఎందుకు నిలబడ్డాయో చూస్తే నేననేది మీకే తెలుస్తుంది. కొండలు దిగి మైదానానికి రండి. వరాహనది ఒడ్డున ఏటికొప్పాక వుంది. అంకుడు కర్రని చిత్రిక పట్టి, మీద లక్క పూసి చేసే బొమ్మలు అక్కడివి. మన చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతల పేరులోనే వుంది ఆ లక్క. గింజలు, ఆకులు, బెరళ్ళ నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ ఆ లక్కలోకి తెచ్చారు సి.వి. రాజుగారు. నోట్లో పెట్టుకునే చంటిపిల్లల చేతికి నిర్భయంగా ఇవ్వగలిగిన బొమ్మ అయింది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ వీధుల్లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఆ బొమ్మలే. ఇంతకీ ఆ వూరి చిత్రిక ఇన్నాళ్ళు ఆగకుండా తిరగడానికి నన్నడిగితే కారణం ఒక్కటే. బొమ్మలకొలువు పెట్టే తల్లీ, మనవరాలికి లక్కపిడతలు కొనే అమ్మమ్మా. అది ఆటవస్తువు, ఆడుకున్నారు. అరిగింది, మళ్ళీ కొన్నారు. వాడుక వున్న కళకి ఆయుష్షు వుంటుంది.

అరకు కాఫీనే చూడండి. అదే కొండ, అదే మనుషులు. 2017లో పారిస్‌లో దాని పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో అరకు అరాబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పొట్లం మీద ధర అచ్చువేసి వుంటే కిక్కురుమనకుండా ఇస్తాం. "సగానికిస్తావా?" అని కాఫీపొడిని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. ఒకే కొండమీద పండిన గింజకి పేరుంది కనక గౌరవం, అల్లిన గంపకి పేరు లేదు కనక బేరం. అంటే మనం గౌరవించేది చెయ్యినీ కాదు, పనినీ కాదు. పొట్లాన్ని.

అందుకని, అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ గిరిజన కళల్ని రక్షించండి అని సభల్లో తీర్మానాలు చెయ్యమని నేను అడగను. అవి చాలా అయ్యాయి. నేనడిగేవి నాలుగే నాలుగు చిన్నపనులు, అన్నీ మన వంటింటి పరిధిలోవే. ఈసారి అరకు వెళ్తే షోకేసుకి బుల్లి చేట కొన్నా కొనకపోయినా, వంటింటికి అసలు చేట కొనండి. వాయినాలకి స్టీలు గిన్నెలు పంచే బదులు ఒక ఏడాది వెదురు బుట్టలు పంచండి. పేరంటానికి అడ్డాకుల విస్తళ్ళు వెయ్యండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలూ గ్లాసులూ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలోనే వున్నాయి, కాబట్టి ఇందులో త్యాగమేం లేదు, చట్టాన్ని పాటించడమే. నాలుగోది, ఆవిడ చెప్పిన ధర ఇచ్చెయ్యండి. మరీ ఎక్కువనిపిస్తే కొనకండి, అది మీ హక్కు. కాని సగానికి అడగకండి.

డబ్బిచ్చేటప్పుడు "ఏమే" మాని "అమ్మా" అనండి. దానికి పైసా ఖర్చు లేదు. బేరమాడినా ఇంతకంటే చవగ్గా దొరకదు.